రంగు లేని మందు

మా నాన్న సింగ్‌ఖామ్ సైకిలు మీద ఊరూరా తిరిగేవాడు.
హ్యాండిల్‌కి వేలాడే రేకుడబ్బాలో
ఒక గాజు సిరంజీ, రెండు సూదులు,
దానిమ్మ రసంలా ఎర్రగా మెరిసే బి పన్నెండు.
నాట్లేసి నడుం పడిపోయినవాడికీ
నిద్ర పట్టని ముసలాయనకీ
పెళ్ళికి ముందు మొహం వాడిన పిల్లకీ
అందరికీ అదే సూది.
"రంగు చూడు, నెత్తురు పట్టేస్తుంది" అనేవాడు.
నీళ్ళు మరిగించేవాడు,
మూడిళ్ళకొకసారి.

ఒక ఊళ్ళో ఒకాయన పిర్ర మీద
గుమ్మడి పిందెంత గడ్డ లేచింది.
నాన్న ఆ ఊరి దారి మానేశాడు.
నేను నర్సు చదువుకి వెళ్ళాను.

ఇప్పుడు నామ్ ఊ నది ఒడ్డున
పన్నెండు మంచాల ఆసుపత్రి నాది.
వానాకాలం, కరెంటు వచ్చి పోతున్న రాత్రి
బువాలై పడవ దిగింది, చంకలో మూడు నెలల పిల్లాడు.
ముద్దుపేరు పూ. అంటే ఎండ్రకాయ.

పూ ఏడుస్తున్నాడు.
నోరు తెరిచాడు, పిడికిళ్ళు బిగించాడు,
కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.
శబ్దం మాత్రం లేదు.
గొంతు తీసేసిన టీవీలా
ఆ చిన్న నోరు అలా తెరుచుకునే ఉంది.

డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాదాలు ఉబ్బాయి.
వియంతియాన్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు
ఊపిరితిత్తుల మీద స్టెతస్కోపు పెట్టి ఆలోచిస్తున్నాడు.
నేను బువాలైని అడిగాను: కాన్పయ్యాక ఏం తిన్నావు?

జవాబు అత్తగారు చెప్పింది, గర్వంగా:
"నిప్పుల పక్కన పడుకోబెట్టాను.
జిగురన్నం, ఉప్పు, కాల్చిన అల్లం. అంతే.
చేప ముట్టనివ్వలేదు, చిక్కుడు గింజ ముట్టనివ్వలేదు.
రాత్రంతా నానేసిన బియ్యం, మూడు కడుగులు కడిగి.
కడుగు కోళ్ళకి పోశాం."

కోళ్ళు బాగున్నాయా అని అడిగాను.
"దివ్యంగా" అంది.

డాక్టరు గ్లూకోజు సీసా అందుకున్నాడు.
చెయ్యి అడ్డం పెట్టాను. ముందిది కాదండీ.
పొయ్యిలో నిప్పే లేదు, కట్టెలు తోసి ఏం లాభం?
ఉన్న నాలుగు రవ్వలూ ఆరిపోతాయి.
కుర్రాడు మంచివాడు, సీసా కింద పెట్టాడు.

థయమిన్. బి ఒకటి.
టార్చి వెలుగులో తేదీ చదివాను, రెండుసార్లు.
ఆంప్యూల్ మెడ విరిచాను. లోపల వట్టి నీళ్ళే అనిపిస్తుంది.
అత్తగారు తొంగి చూసి నిరుత్సాహపడింది:
"ఎర్రది లేదూ? మీ నాన్న దగ్గరుండేది."

కొత్త సిరంజీ చుట్టిన కాగితం చింపిన చప్పుడు
నాకెప్పుడూ కొంచెం క్షమాపణలా వినిపిస్తుంది.
పక్క ట్రేలో అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకున్నాను.
వేలల్లో ఒకరికి
ప్రాణం పోసే మందే గొంతు నొక్కుతుంది.
అందుకే నరంలోకి తొందరపడకుండా,
గోడ గడియారం ముల్లుతో పాటు,
చర్మం మీద దద్దు లేస్తుందేమో చూస్తూ,
ఆ చిన్న ఛాతీని లెక్కపెడుతూ.

లేవలేదు.

తరవాత చేసేదేమీ లేదు, కూర్చోవడమే.
వాన చూరు మీద. బువాలై గోడకానుకుని.
రెండింటికి పాదాల రంగు మారినట్టనిపించింది,
నా ఆశేనేమో అనుకున్నాను.
మూడున్నరకి డొక్కలు నెమ్మదించాయి.

తెల్లవారుజామున
తుప్పు పట్టిన బందు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు.
కిటికీ అనుకుని లేచాను.
మళ్ళీ కిర్రుమంది. చీలింది. పెద్దదైంది.
పన్నెండు మంచాలూ లేచి కూర్చున్నాయి.
ఎవరూ విసుక్కోలేదు.
డాక్టరు కుర్రాడు వరండాలోకి వెళ్ళి
చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

బువాలైకీ సూది వేశాను, మాత్రలిచ్చాను.
చిక్కుళ్ళు, పందిమాంసం, చేప అని మూడుసార్లు చెప్పాను,
మూడోసారి అత్తగారి వైపు తిరిగి.

ఆవిడ చీర అంచు మోకాలి దాకా లాగి
"నాకూ ఒకటి పొడువు, కీళ్ళు లాగుతున్నాయి" అంది.

మీకది అక్కర్లేదమ్మా, అన్నాను.
నాన్న నోట ఎప్పుడూ వినని మాట,
నా నోటికీ కొత్తగానే తగిలింది.

అలిగి వెళ్ళి పడవెక్కింది.
నది మధ్య దాకా వినిపిస్తూనే ఉంది పూ గొంతు,
దాని మీదుగా ఆవిడ గొంతు,
ఇంజను కన్నా గట్టిగా,
ఎవరిదో సూది గురించి ఫిర్యాదు.